ముందు నిన్నటిది

"మా ఇంట్లో మెతుకు కూడా పారేయం" అని మా ఆయన ఇంటికి ఎవరొచ్చినా చెబుతారు. చెప్పేటప్పుడు ఛాతీ కాస్త ముందుకొస్తుంది. అబద్ధమేం కాదు, నిజమే. కాకపోతే ఆ పారేయనిదంతా ఎక్కడికి పోతుందో వచ్చినవాళ్ళు అడగరు, ఆయనా చెప్పరు. నాలోకి పోతుంది. అందరూ తిని లేచాక వంటగది గట్టు దగ్గర నిలబడి, గిన్నె అడుగున అంటుకున్నది గరిటెతో గోకి, పాప సగం కొరికి వదిలేసిన రొట్టె, కారం ఎక్కువైందని ఆయన పళ్ళెంలో పక్కకు నెట్టిన కూర, నిన్నటి గిన్నెలో మిగిలింది, మొన్నటిది, అన్నీ వరసగా కానిచ్చేస్తాను. పళ్ళెం కూడా పెట్టుకోను. పెట్టుకుంటే తోమాల్సింది నేనేగా! ఆకలేసి తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పాడైపోతుందని తిన్న రోజులే అన్నీ. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నేనూ వేడివేడిగా వడ్డించుకోబోతే అత్తగారు గిన్నె మూత పెట్టేసి, "ముందు నిన్నటిది అవగొట్టమ్మా, మగవాళ్ళకి పెట్టలేం కదా" అన్నారు. కోపంగా అనలేదు. ఆవిడ కూడా నా పక్కనే నిలబడి అదే తింటూ అన్నారు. అందుకే ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

ఇక నా ఉద్యోగం సంగతి. మా ఆయన ఒక సూపర్‌మార్కెట్లో ఫ్లోర్ మేనేజరు. "ఇంట్లో ఖాళీగానే ఉన్నావు కదా" అని నన్ను అదే షాపులో కూరగాయలు, పాల సెక్షన్లో పెట్టించారు. ఖాళీ! ఆ మాట విన్న రోజు పొయ్యి మీద కూర, బకెట్లో బట్టలు, మంచం మీద జ్వరంతో పాప. సరే, మధ్యాహ్నం వంట ముగించుకుని వెళ్తాను. సాయంత్రమైతే నా పని ఏమిటంటే, తేదీ దగ్గర పడిన సరుకంతా అరల్లోంచి తీసి, ట్రాలీలో వేసుకుని, వెనక పెరట్లో ఉన్న పెద్ద చెత్త డబ్బాల దగ్గరికి తీసుకెళ్ళి, ఒక్కో ప్యాకెట్నీ కట్టరుతో కోసి, డబ్బాలో పడేసి, పైన సబ్బు నీళ్ళు పోయాలి. ఎవరూ తీసుకెళ్ళి తినకుండా. "ఊరికే దొరుకుతుందని తెలిస్తే కొనేవాడెవడు?" అని మొదటి రోజే మా ఆయన వివరంగా చెప్పారు. మచ్చపడ్డ టమాటాలు, ఒక్క గుడ్డు పగిలిందని అట్టపెట్టెకి అట్టపెట్టె, రేపటి తేదీ ఉన్న పాలు. ఇంట్లో పాప రెండు మెతుకులు వదిలితే పావుగంట క్లాసు పీకే మనిషి ఇక్కడ ట్రాలీల కొద్దీ పారేయమని సంతకాలు పెడుతుంటే, ఈయనా ఆయనా ఒకరేనా అనిపించేది. కోసేదాన్ని, పోసేదాన్ని, ఇంటికొచ్చి నిన్నటిది తినేదాన్ని.

ఇలా ఉండగా మా వదిన వచ్చింది. వదినంటే మా ఆయనకి సొంత అక్క. స్కూలు వ్యాను నడుపుతుంది. మొగుడు వదిలేశాడా అని చుట్టాలు జాలి మొహాలు పెట్టి అడిగితే, "అబ్బే, నేనే వదిలేశానండీ" అని, ఏదో పాత కుర్చీ వదిలించుకున్నంత తేలిగ్గా చెప్పేది. వేరే ఇల్లు చూసుకునేదాకా మాతో ఉంటానని, ఒక్క సంచీతో వచ్చింది. వచ్చిన మొదటి రోజే మంచినీళ్ళకని వంటగదిలోకొచ్చి, గట్టు దగ్గర నిలబడి గిన్నె గోకుతున్న నన్ను చూసింది. వెంటనే ఒక పళ్ళెం తీసి, నా గిన్నెలోది సగం అందులో వేసుకుని, ఇంకో పళ్ళెం నా చేతికిచ్చి, "కూర్చుందాం రా" అంది. ఇద్దరం నేల మీదే కూర్చుని తిన్నాం. ఆ ఇంట్లో నాతో కలిసి కూర్చుని తిన్న మొదటి మనిషి ఆవిడే.

మర్నాడు రాత్రి భోజనాల దగ్గర నేను వడ్డించబోతుంటే నిన్నటి గిన్నె తను లాక్కుంది. అందరి పళ్ళాల్లోనూ తలా ఒక గరిటె వేసింది. మా ఆయన పళ్ళెంలో కూడా. "ముందు నిన్నటిది, అందరికీ. అది అయ్యాక ఇవాళ్టిది" అంది. అత్తగారి మొహం చూడాలి! మగవాడికి నిలవ కూర పెడతావా అని కూతురి మీద విరుచుకుపడ్డారు. "వాడికి అరగదా ఏంటమ్మా? చిన్నప్పుడు మన్ను తిన్నాడు, అరిగింది కదా" అంది వదిన. పాప పడీపడీ నవ్వింది. మా ఆయన మూతి ముడుచుకుని తిన్నారు గానీ, అక్క ముందు కాదనలేకపోయారు. చిత్రమేమిటంటే, తలా ఒక గరిటె అనేసరికి నిన్నటి గిన్నె నిమిషంలో ఖాళీ. నేనొక్కదాన్నీ ఇన్నేళ్ళుగా మోస్తున్నది ఇంతేనా అని నాకే నవ్వొచ్చింది, కాస్త ఏడుపు కూడా వచ్చింది. కానీ వదిన పొద్దుపోయి వచ్చే రోజుల్లో మళ్ళీ మామూలే, ఆ గిన్నె నా దగ్గరికే చేరేది.

ఆ పొద్దుపోవడమెందుకో త్వరలోనే తెలిసింది. పిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపేశాక వదిన వ్యాను మా షాపు వెనక సందులో ఆగేది. చేతులకి రబ్బరు తొడుగులు, నడుముకి పాత చీర ముక్క, ఇక డబ్బాలోకి నడుము దాకా వంగిపోయేది. మొదటిసారి చూసినప్పుడు నేను ట్రాలీ అడ్డం పెట్టి, ఎవరైనా వస్తున్నారేమోనని షాపు తలుపు వైపు చూశాను. తను మాత్రం తలెత్తి, "మీ ఆయన పుణ్యమా అని కడిగే పని తప్పింది, సబ్బు నీళ్ళు ముందే పోయించాడు" అని, మూత చెదరని సీసాలు ఒక పక్కకి, హడావిడిలో నా కట్టరు తగలని ప్యాకెట్లు ఇంకో పక్కకి పెట్టుకుంటోంది. ఆ చేతుల్ని ఎంతసేపైనా చూడబుద్ధేస్తుంది. ఏదైనా తీయగానే ముక్కుకి దగ్గరగా పెట్టి వాసన చూసేది, వేలితో నొక్కేది, అనుమానం వస్తే మొహమాటం లేకుండా మళ్ళీ డబ్బాలోకే విసిరేసేది. ఆశపడి ఏదీ తెచ్చేది కాదు. ఇంటికి తెచ్చాక టమాటాలకు మచ్చ కోసేసి ఉడికించి సీసాల్లో పట్టేది, ఎండిన రొట్టెలు పొడికొట్టేది, నల్లబడ్డ అరటిపళ్ళు మెత్తగా పిసికి పిండిలో కలిపి కాల్చేది. ఇల్లంతా ఎంత కమ్మని వాసనో! మిగతాదంతా ఒక బుట్టలో పెట్టి మా బిల్డింగు మెట్ల మలుపులో ఉంచేది. కావాల్సినవాళ్ళు తీసుకునేవాళ్ళు. మొదట్లో ఎవరూ చూడకుండా తీసేవారు, తర్వాత్తర్వాత పై అంతస్తు నర్సమ్మ తన ఇంట్లో ఎక్కువైన గుడ్లు కూడా ఆ బుట్టలో పెట్టి పోవడం మొదలుపెట్టింది. మా ఆయన ఆ టమాటా సూపు రెండోసారి వేయించుకుని, "ఎక్కడ కొన్నారు, భలే ఉందే" అన్నారు. వదిన నా వంక చూడలేదు, నేను తన వంక చూడలేదు. చూస్తే నవ్వాగేది కాదు.

ఆ తర్వాత నేనూ ఒక పని మొదలెట్టాను, ఎవరూ చెప్పకుండానే. కోయాల్సినవాటిలో బాగున్నవి కోయకుండా పక్కన పెట్టి, చివర్లో పైన అట్టముక్క పరిచి దాని మీద పేర్చి, సబ్బు నీళ్ళు అంచుల్లోంచి పోసేదాన్ని. దీని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. పొద్దున కాఫీ గ్లాసు చేతికిచ్చేటప్పుడు వదిన నా వేళ్ళు ఒకసారి నొక్కి వదిలేది.

చివరికి ఒకరోజు వదిన షాపు పెరటి కెమెరాలో పడింది. షాపులో కుర్రకారు ఫోన్లలో ఫొటో తిరిగింది, 'మేనేజరుగారి అక్క చెత్త డబ్బాలో' అని. మా ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పు కూడా విప్పకుండా అరిచారు. పరువు బజార్న పడిందన్నారు, మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నారు. చివరికి వదినతో, "డబ్బాల జోలికి పోనని మాటివ్వు. లేదంటే నీ దారి నువ్వు చూసుకో, రెండ్రోజులు టైమిస్తున్నా" అన్నారు. వదిన, "తిండి పారేసినవాడికి లేని సిగ్గు ఏరుకున్నదానికెందుకురా?" అంది. మాట మాత్రం ఇవ్వలేదు. అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చున్నారు. వదిన పోతే ఈ ఇంట్లో మళ్ళీ నేనూ, గట్టూ, గిన్నే.

మర్నాడు సాయంత్రం మా ఆయన పెరట్లోకి స్వయంగా వచ్చారు. చేతులు కట్టుకుని నిలబడి, "ఊఁ, నా ముందు కోయి" అన్నారు. కోశాను. పాల ప్యాకెట్లు ఒక్కోటీ కోస్తుంటే తెల్లగా నా చెప్పుల మీదుగా కాలవలోకి పారాయి. రొట్టెలు కోశాను, పెరుగు డబ్బాల మూతలు చించాను. గేటవతల వ్యాను ఆగి ఉంది. వదిన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. కాసేపటికి వ్యాను వెళ్ళిపోయింది. మా ఆయన, "అంతే. ఎంతసేపు పని!" అని లోపలికెళ్ళారు. నేను కట్టరు ఏప్రన్ జేబులో వేసుకుని, ఆ పాల మీద సబ్బు నీళ్ళు పోశాను.

ఇంటికెళ్ళేసరికి వదిన సంచీ గుమ్మం దగ్గర ఉంది. నన్ను చూడగానే, "నీ ఉద్యోగం నువ్వు చేశావు, దానికి ఏడవకు. తినేసి వెళ్తాను, వడ్డించు" అంది. ఆ మాటలో చిన్న పుల్లవిరుపు కూడా లేదు. ఉంటే బావుండుననిపించింది, కాస్త తేలికపడేదాన్ని.

అందరూ కూర్చున్నారు. వేడి కూర గిన్నె తెచ్చాను, దాని పక్కన నిన్నటి గిన్నె పెట్టాను. వదిన ఈసారి దాని మీద చెయ్యి వేయలేదు, వెళ్ళిపోయేదాన్ని నాకెందుకనుకుందో ఏమో. అప్పుడు మా పాప, ఇంకా జడలు సరిగా వేసుకోవడం రాని నా కూతురు, ఆ నిన్నటి గిన్నెని రెండు చేతులతో తన ముందుకు లాక్కుంది.

"వేడిది నాన్నకి వెయ్యమ్మా. ఇది నేను తినేస్తాలే" అంది. పెద్ద ఆరిందాలా అంది. మెచ్చుకుంటాననుకుని నా మొహంలోకి చూసింది.

దానికి ఎవరు నేర్పారు? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. గట్టు దగ్గర నా వీపు చూసి నేర్చుకుంది. ఇన్నేళ్ళూ నా పొట్టే కదా, పోనీలే అనుకున్నాను. అది నా పొట్టతో ఆగలేదు. ఇప్పుడు ఆ గిన్నె దాని ముందుంది. నాకు ముందు భయమేసింది, ఆ తర్వాత చెప్పలేనంత కోపం వచ్చింది. పాప ముందు నుంచి గిన్నె తీసుకున్నాను. మా ఆయన పళ్ళెంలో నిండుగా ఒక గరిటె వేశాను. వదిన పళ్ళెంలో, పాప పళ్ళెంలో, నా పళ్ళెంలో తలా కాస్త వేసి, ఆ రోజు మొదటిసారి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇంకా విప్పని ఏప్రన్ జేబులోంచి కట్టరు తీసి ఆయన పళ్ళెం పక్కన పెట్టాను.

"రేపట్నుంచి నేను కోయను. కోయాలంటే మీరే కోయండి" అన్నాను. "వదిన ఎక్కడికీ వెళ్ళదు. పంపిస్తానంటే ఆ వ్యానులో పాపకీ నాకూ కూడా చోటుంది."

ఆయన నా వంక చూశారు, కట్టరు వంక చూశారు. కోప్పడదామనే నోరు తెరిచారు. తెరిచి, అలవాటుగా సాయం కోసం వాళ్ళమ్మ వైపు తిరిగారు.

అత్తగారి పళ్ళెం ఒక్కటే ఖాళీగా ఉంది. నిన్నటిది ఆవిడకి వేయబోయి నేనే ఆగాను, ఎందుకో చెయ్యి రాలేదు. ఆవిడ కొడుకు వంక చూడలేదు. గుమ్మం దగ్గరున్న కూతురి సంచీని చూశారు, మనవరాలిని చూశారు. తర్వాత తన పళ్ళెం మెల్లగా నా వైపు జరిపారు.

"నాకు వేడిది వెయ్యమ్మా" అన్నారు అత్తగారు. "ఎలా ఉంటుందో నేనూ చూస్తాను."