నలభైలోపు బట్టతల

అనుపమ రెండు రోజులుగా నానమ్మ ముఖంలోకి సూటిగా చూడడం లేదు. బోయిగూడలోని ఆ రెండు గదుల ఇంట్లో ఈ సంగతి కమలాబాయి కంట పడకుండా ఉంటుందా? యాభై అయిదేళ్ల కిందట తన పెళ్లికి ఎవరు ఏ రంగు చీర కట్టుకొచ్చారో ఇప్పటికీ చెప్పగల మనిషాయె.

"ఏందే, నా మొకానికేమన్న అంటిందా?" అని నిలదీసింది.

పిల్ల నసిగి నసిగి ఫోన్ చూపించింది. తాత పుట్టినరోజుకని డీఎన్ఏ కిట్ తెప్పించింది కదా, తనదొక గొట్టం, తాతదొక గొట్టం, ఉమ్మి నింపి పంపారు. రెండు నెలలకు ఫలితం వచ్చింది. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదట.

"అంటే?"

"అంటే... మా నాన్న తాత కొడుకు కాడని, నానమ్మా."

కమలాబాయి నోట్లో వక్కపలుకు ఆగిపోయింది. మోకాళ్లు అరిగాక మోయాల్సిన నిందా ఇది?

"ఎవలకన్న చెప్పినవా?"

"కాప్రా అత్తకు ఒక్కదానికే."

కాప్రాలో ఉన్న తన కూతురు వసుధకు చెప్పడమంటే, అక్కడ చెరువు చుట్టూ పొద్దున నడిచేవాళ్లందరికీ చెప్పడమే. మూల కుర్చీలో బిక్షం పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని గంట నుంచి ఒకే పేజీ చదువుతున్నాడు. భార్య పరువు పోతుంటే పెదవి విప్పడే!

"ఇంకేం రాసిండ్రు అండ్ల? సదువు."

"తాతకు నలభైలోపు బట్టతల వచ్చే అవకాశం ఎక్కువట. అది ఖాయమేం కాదు, ఉత్త అంచనా."

కమలాబాయి పేపరు పైనుంచి తొంగి చూస్తున్న జుట్టును చూసింది. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా మంగలి విసుక్కునేంత ఒత్తు. నలభైలోపు బట్టతల... జన్నత్‌కు పేరు పెట్టిననాడు టోపీ జారితే పిల్లలంతా నవ్వింది ఎవరి నెత్తి చూసి? జన్నత్ తండ్రి, పక్కింటి దర్జీ వలీది కదూ!

"వలీ భాయ్! జెర ఇటు రా!"

సూది చేత్తోనే వచ్చాడు వలీ.

"ఈయన నీతోని ఏ గొట్టంలనన్న ఉమ్మిపిచ్చిండా?"

"అవ్ వదినా. షుగర్ పరీక్షన్నడు. ఉమ్మే ముంగట అరగంట నోట్ల ఏం ఏసుకోవద్దట, జర్దా పాన్ లేకుంట నాతోని కాదన్నడు. దోస్తాయె, ఉమ్మిన."

అనుపమ నవ్వు ఆపుకోలేకపోయింది. అంతలోనే ఏదో గుర్తొచ్చి ఆగింది. "వలీ తాతా, ఈ డీఎన్ఏ యాప్‌లోనే కర్నూలు నుంచి కలీముల్లా అని ఒకాయన మెసేజ్ పెట్టిండు. మనం దగ్గరి చుట్టాలం, మీరెవరని తాతను అడుగుతుండు."

వలీ ముఖం మారింది. "మా చిన్నాయన కొడుకు. ఇరవై ఏండ్లాయె మాటల్లేక. నన్నడగకుంటనే నా ముచ్చట ఆడిదాంక పోయిందా?"

"నీ వివరాలు తీసెయ్యమని కంపెనీకి రాస్తా తాతా. కానీ ఆయన చూసింది తీసెయ్యలేం."

బిక్షం పేపరు దించాడు. "తప్పయింది వలీ."

"ఇగ నీ బొత్తాలు నువ్వే కుట్టుకో," అన్నాడు వలీ, సూదిని కాలరుకు గుచ్చుకుంటూ.

ఇక కమలాబాయి వంతు. కాప్రాకు ఫోన్ కలిపించి, స్పీకర్ పెట్టించి, మొగుడి చేతిలో పెట్టింది. బిక్షం గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా వసుధా... మీ అమ్మ మంచిది."

"గది అందరికి ఎర్కే," అంది కమలాబాయి. "ఉమ్మి ముచ్చట చెప్పు."