బావా బామ్మర్దుల టేబుల్

శనివారం సాయంత్రం డ్రైవింగ్ మాస్టారు తానెప్పుడూ వెళ్లే బార్ అండ్ రెస్టారెంట్ ముందుకొచ్చేసరికి షట్టర్ దించి ఉంది. బోర్డు లేదు, కాగితం లేదు, సెలవన్న ముక్కా లేదు. మొన్న మొన్నటిదాకా కళకళలాడిన చోటు! పక్కనున్న మందుల షాపాయన్ని అడిగితే, "దేవుడికెరుక సార్, ఓనరు ఫోను కూడా ఎత్తట్లేదు" అన్నాడు. టైర్ల కొట్టువాడేమో లాటరీ తగిలిందన్నాడు. వాడి పెళ్లాం, కాదు దివాలా తీశాడంది. ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెప్పారు.

మాస్టారికి బెంగ పట్టుకుంది. అలాగని ఆయన తాగుబోతేం కాదు, ఒక్క బీరుని సాయంత్రమంతా సాగదీసే రకం. ఆయన బెంగంతా బావ గురించి.

బావంటే అక్క మొగుడు, ప్లంబరు. రెండేళ్ల కిందట మాస్టారు అక్కకి కారు నేర్పారు. నేర్చిన వారానికే ఆవిడ, బావ ముచ్చటపడి కొన్న కారుని రివర్సులో తీసుకెళ్లి గేటు స్తంభానికి కొట్టింది. "నీ చదువు తగలెయ్య, ఇదేనా నేర్పింది?" అన్నాడు బావ. "కారు కొన్నవాడికి గేటు వెడల్పు చేయించుకునే బుద్ధుండాలి" అన్నారు మాస్టారు. మాటా మాటా పెరిగింది. నా గుమ్మం తొక్కకని ఒకరు, తొక్కితే అడుగని ఒకరు. అంతే, రాకపోకలు బంద్. మధ్యలో నలిగిపోయింది అక్క. తమ్ముడి పేరెత్తితే చాలు ఇల్లు రణరంగమవుతుందని, ఫోను చెయ్యడం కూడా మానేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి, బార్లో ఇంకెక్కడా చోటు లేక సర్వరు ఈ ఇద్దర్నీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టాడు. మొదట్లో "సోడా ఇటు జరపమని ఆయనకి చెప్పు" అంటూ వాడి చేతే మాట్లాడించారు. వాడికి విసుగెత్తి, "మీరే చెప్పుకోండి సార్, నాకవతల బోలెడు పనుంది" అనేశాడు. ఇక చూడండి, అప్పట్నుంచి ప్రతి శనివారం అదే టేబుల్, అవే వెటకారాలు, పగలబడి నవ్వడాలు! ఎవరూ ఎవర్నీ రమ్మనలేదు కాబట్టి ఎవరూ మెట్టు దిగినట్టు కాదు. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని గుట్టుగా ఉంచారు.

ఊళ్లో బార్లకేం కరువు? కానీ ఇంకో చోటికి రమ్మనాలంటే ముందు ఎవరో ఒకరు పిలవాలి. ఆ పిలిచేదెవరు? మరుసటి శనివారం మాస్టారు వెళ్లి షట్టర్ ముందే నిలబడ్డారు. బావ రాలేదు. 'నేనుంటే ఎంత, పోతే ఎంత అనుకున్నాడన్నమాట' అనుకునేసరికి ఏడుపొచ్చినంత పనైంది. ఇంక పౌరుషం గట్టున పెట్టి తిన్నగా అక్కింటికి నడిచారు.

తలుపు తీసిన అక్క "ఒరేయ్!" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. కళ్లు తుడుచుకుంటూనే మొగుడి వైపు తిరిగి, "మీకు దణ్ణం పెడతాను, ఈ పూటకి ఏమీ అనకండి" అంది.

"నేనేమంటానే?" అని బావ గొణిగాడు. మొహంలో సంతోషం కనబడకుండా పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

అక్క వంటింట్లోకి పరిగెత్తి, వేరుశనగపప్పులు వేయించి ఉప్పు చల్లి తెచ్చింది. తమ్ముడికి చిన్నప్పట్నుంచీ ఇష్టం. బావ పేపరు దించాడు.

"ఉప్పెందుకేశావే? వాడికి బీపీ కదా, డాక్టరు ముట్టుకోవద్దన్నాడు."

అక్క నిలబడిపోయింది. "బీపీనా? ఎప్పట్నుంచి?"

"ఆర్నెల్లయింది" అనేశాక నాలిక్కరుచుకున్నాడు బావ.

"మీకెలా తెలుసు?"

ఇక దాచి లాభం లేదు. మాస్టారే చెప్పారు, బార్ సంగతి, టేబుల్ సంగతి, శనివారాల సంగతి. అక్క మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడకుండా వింది.

"అయితే మీరిద్దరూ హాయిగానే ఉన్నారు. ఏడ్చింది నేనొక్కదాన్నే" అంది చివరికి. "నీ పుట్టినరోజుకి ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాన్రా. ఈయనకి కోపమొస్తుందని చెయ్యలేదు. మరి ఇవాళెందుకొచ్చావు?"

"బార్ మూసేశారక్కా."

"ఎందుకు?"

"ఎవరికీ తెలీదు."

"మూసెయ్యకపోతే వచ్చేవాడివి కాదు కదూ?"

అబద్ధమాడదామనే అనుకున్నారు మాస్టారు. అక్క మొహం చూశాక నోరు రాలేదు. "కాదక్కా" అన్నారు.

అక్క చేతిలోని పళ్లెం ఇద్దరి మధ్యా పెట్టింది. "మీకు కావాల్సింది కూర్చోడానికి చోటేగా, కూర్చోండి" అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

బావా బామ్మర్దులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు లేచి వెళ్లి తలుపు తట్టారు. బావ కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. తలుపు తెరుచుకోలేదు. మాస్టారు మళ్లీ తట్టారు.