రెండు పాయింటు నాలుగు

గ్రహశకలం మీద కనిపెట్టామని మేము లోకమంతా చాటిన అయస్కాంత క్షేత్రం మంగళవారం ఉదయం పదిన్నరకి మా అడవిలోని కర్ర గుడిసెలో బయటపడింది.

నేను దాన్ని వెతకడం లేదు. మరో అంతరిక్ష నౌకకి పనికొస్తుందేమోనని బీరువాలోంచి పాత సెన్సర్ ఒకటి తీశాను. గ్రహశకలం మీద దిగిన సెన్సర్‌కి అది కవల. ఏడేళ్ల కిందట, ఒకే శీతాకాలంలో, ఒకే బల్ల మీద ఆ రెండింటికీ సున్నా పట్టింది నేనే. ఇప్పుడు మళ్లీ పట్టాను. పాత పుస్తకంలో ఉన్న అంకెకీ కొత్త అంకెకీ తేడా రెండు పాయింటు రెండు నానోటెస్లాలు వచ్చింది, అంటే భూమి అయస్కాంత బలంలో సుమారు ఇరవై వేలో వంతు.

గ్రహశకలం మీద మాకు దొరికింది రెండు పాయింటు నాలుగు. అదీ ఇదీ ఒకే దిక్కులో.

మూడోసారి కూడా కొలిచాను. అంకె కదల్లేదు.

సున్నా పట్టడమంటే ఏమిటో చెప్పాలి. మా సెన్సర్ బొటనవేలంత ఉంటుంది. లోపల ఉంగరంలా చుట్టిన లోహపు పట్టీ, దాని మీద రాగి తీగ. తీగలో కరెంటు పంపి ఆ లోహాన్ని సెకనుకు వేలసార్లు అటూ ఇటూ అయస్కాంతంగా మారుస్తాం. బయట క్షేత్రమేదీ లేకపోతే అటు ఎంతో ఇటూ అంతే. ఉంటే ఒక పక్కకి తూగుతుంది. ఆ తూగే మా కొలత. చిక్కల్లా, ఏమీ లేనిచోట కూడా ప్రతి సెన్సరూ కొంచెం ఉందనే చెబుతుంది. ఆ అబద్ధం ఎంతో ముందే తెలుసుకుని తీసేయాలి. దానికి సెన్సర్‌ను సగం చుట్టు తిప్పుతాం. బయటి నుంచి వచ్చే క్షేత్రం తిప్పగానే ప్లస్-మైనస్ గుర్తు మార్చుకుంటుంది. సెన్సర్ సొంత అబద్ధం మారదు. రెండు కొలతలనూ కలిపి సగం చేస్తే మిగిలేది ఆ అబద్ధమే.

దాన్ని నేను తప్పుగా పట్టాను. కింద సంతకం కూడా నాదే: ఇమ్కే లూడర్స్.

మా ప్రొఫెసర్ హైద్రున్ ఫోల్‌బ్రెక్ట్ గారికి అరవై మూడేళ్లు. ఆ గ్రహశకలం కోసం ఇరవై రెండేళ్లు పనిచేశారు. శుక్రవారం బెర్న్‌లో పెద్ద సభ. అక్కడ ఆవిడ ఆ రెండు పాయింటు నాలుగు గురించే మాట్లాడాలి. వసంతంలో రిటైర్ అవుతారు.

నేను చెప్పిందంతా విని ఆవిడ కాఫీ కప్పు పక్కకి జరిపారు.

"ఏడేళ్లు బీరువాలో పడుంటే సెన్సర్ సున్నా పక్కకి జరగదా ఇమ్కే? నన్ను పెట్టు, నేనూ జరుగుతాను."

జరగొచ్చు. అందుకే ఆ శీతాకాలంలో సున్నా పట్టిన మిగతా రెండింటినీ, అంతకు ముందు ఏడాదివి రెండింటినీ తీశాను. సాయంత్రానికి లెక్క తేలింది. ముందు ఏడాదివి రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ శీతాకాలానివి మాత్రం జరిగాయి: ఒకదానికి తేడా ఒకటి పాయింటు ఏడు, ఇంకొకదానికి మూడు. కవలది రెండు పాయింటు రెండు. మూడూ ఒకే దిక్కుకి తప్పాయి.

ప్రొఫెసర్ గారు ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నారు. ఆ రెండు పాయింటు నాలుగులో గ్రహశకలం రాయిది ఎంత, మన తప్పుది ఎంత అని అడిగారు. తెలియదన్నాను. రాయిది అసలు సున్నా కావచ్చా అన్నారు. కావచ్చు, అర నానోటెస్లా ఉండనూ వచ్చు అన్నాను. రాయిని మళ్లీ అడిగే దారి లేదు. దిగే పరికరం దారి పొడుగునా తల్లి నౌక పొట్ట కింద, మోటార్ల పక్కన ముడుచుకుని వెళ్లింది కాబట్టి దారిలో సున్నా చూసుకునే వీల్లేకపోయింది. దిగేటప్పుడు గిరగిరా తిరిగి తన సున్నా తనే పట్టుకోవాలి. తిరగలేదు. ముద్దలా పడి, ఒక గుంటలో ఒక పక్కకి ఒరిగి, నాలుగు గంటలు కొలిచి, బ్యాటరీ అయిపోయి చచ్చిపోయింది.

"తప్పు ఎంతో తెలిస్తే తీసేయొచ్చు," అన్నారావిడ. "తెలియకపోతే శుక్రవారం నేను లేచి నిలబడి, మాకేమీ దొరకలేదు, దొరకలేదని కూడా చెప్పలేము అనాలి. అది దేనివల్ల వచ్చిందో పట్టుకో. గురువారం దాకా టైముంది."

ఆ రాత్రి నేను నిద్రపోలేదని వేరే చెప్పక్కర్లేదు.

బుధవారం పొద్దున్నే గుడిసెకి వెళ్లాను. హార్జ్ కొండల కింద, రోడ్డుకీ రైలుకీ దూరంగా ఉంటుందది. అంతా కర్ర, మేకులు ఇత్తడివి. గోడల చుట్టూ నిలువెత్తు రాగి చుట్టలు భూమి అయస్కాంతాన్ని లోపలికి రానివ్వకుండా రద్దు చేస్తాయి. మధ్యలో తిరిగే బల్ల. బల్లని, స్టూలుని, దుప్పట్లని, కిటికీ గొళ్లాన్ని ఒక్కొక్కటిగా సెన్సర్ ముందు పెట్టాను. అన్నీ శుభ్రం.

అప్పుడు తట్టింది. బయట ఏ మేకు ఉన్నా, తిప్పగానే దాని గుర్తు మారి లెక్కలోంచి పోతుంది. మా లెక్కలో మిగిలిపోయిందంటే అది గోడలోనూ లేదు, నేలలోనూ లేదు. సెన్సర్ ఎటు తిరిగితే అటు తిరిగింది.

సెన్సర్‌తో పాటు ఏం తిరుగుతుంది? బల్ల. బల్లకున్న కర్ర పిడి. ఆ పిడి పట్టుకున్న మనిషి.

ఇప్పుడు పక్క గదిలోంచి ప్లాస్టిక్ గడతో తిప్పుతున్నాం. అప్పట్లో మా పాత టెక్నీషియన్ ఒట్మార్ బ్రేమ తిప్పేవాడు. అంతరిక్షంలో ఉండే చలి కోసం సెన్సర్ చలిపెట్టెలో ఉంటుంది. మాటిమాటికీ గుడిసె తలుపు తీస్తే పెట్టె వేడెక్కుతుంది, నేల అదురుతుంది. అందుకని ఆయనొక్కడే రోజంతా లోపల ఉండేవాడు. నేను "తిప్పండి" అనగానే పిడి పట్టుకుని సగం చుట్టు నడిచి, స్టూలు లాక్కుని, బల్ల కదలకుండా పిడి మీదికి వంగి కూర్చునేవాడు. తల సెన్సర్‌కి మూరెడు దూరంలో ఉండేది. మూడు సెన్సర్ల తప్పూ ఆ పిడి దిక్కులోనే ఉంది.

నమ్మలేకపోయాను. మా సంస్థలో ఇనుము లేని మనిషి ఎవరంటే ఒట్మార్ పేరే చెబుతారు. గేటు దగ్గర కర్ర పళ్లెం పట్టుకుని నిలబడేది ఆయనే. తాళాలు, గడియారాలు, బెల్టులు, లోపల ఇనప రేకున్న బూట్లు, అన్నీ అందులో పడాల్సిందే. తర్వాత చేతి సెన్సర్‌తో ప్రతివాణ్ణీ నెత్తి నుంచి అరికాలి దాకా వాసన చూసేవాడు. ఆ పనికి మా మాట అదే. ప్రొఫెసర్ గారి జడపిన్నులు కూడా తీయించాడు. ఒకసారి మంత్రిత్వ శాఖ నుంచి వచ్చిన పెద్దాయన బెల్టు విప్పనంటే, "ప్యాంటు జారితే చూడ్డానికి ఇక్కడ జింకలు తప్ప ఎవరూ లేరు సార్," అన్నాడు. పెద్దాయన విప్పాడు.

వాసన పుస్తకం తీశాను. ఆ శీతాకాలంలో లోపలికెళ్లిన ప్రతివాళ్ల పేరూ ఉంది, పక్కన అంకె ఉంది, చివర చూసినవాడి సంతకం ఉంది: బ్రేమ. ప్రతి పేజీలోనూ బ్రేమ. పేర్ల వరసలో మాత్రం బ్రేమ ఎక్కడా లేడు. ఆయన వాసన ఎవరూ చూడలేదు. చూడాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

తర్వాత నా కొలతల పుస్తకం. గుడిసెలో ఫోను లేదు, స్పీకర్ లేదు. ప్రతి స్పీకర్‌లోనూ అయస్కాంతం ఉంటుంది కదా. నలభై అడుగుల అవతల నా గదికీ గుడిసెకీ మధ్య మాట్లాడుకోడానికి పాత ఓడల్లో లాగా ఒక గొట్టం ఉండేది. ఆయనకి వినపడక రెండోసారి చెప్పాల్సి వస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టేదాన్ని. ముందు ఏడాది పుస్తకమంతా ప్రశ్నార్థకాలే. ఒక రోజు పందొమ్మిది ఉన్నాయి. ఆ శీతాకాలం పుస్తకంలో ఒక్కటీ లేదు. క్రిస్మస్‌కి చెవులు కడిగించుకున్నారా అని ఆయన్ని ఆటపట్టించడం నాకింకా గుర్తుంది.

పుస్తకాలు రెండూ మూసి, కారు తీశాను.

ఒట్మార్ ఇప్పుడు గోస్లార్ పట్టణానికి అవతలి పల్లెలో ఒంటరిగా ఉంటాడు. నేను వెళ్లేసరికి తోటలో బల్ల ముందు కూర్చుని కేకు కోసం ప్లమ్ పళ్లలోంచి గింజలు తీస్తున్నాడు. చేతులు మోచేతుల దాకా ఊదారంగులో ఉన్నాయి. రెండు చెవుల వెనకా వినికిడి యంత్రాలు ఉన్నాయి, పెద్దవి, దాచుకునేవి కావు. నన్ను చూసి సంతోషపడ్డాడు. కూర్చో అమ్మాయ్, కత్తి తీసుకో, ఊరికే తినేవాళ్లకి ఈ ఇంట్లో కేకు లేదు అన్నాడు.

నేను కత్తి తీసుకోలేదు. పళ్ల గిన్నె పక్కన రెండు పుస్తకాలూ పెట్టి, ప్రశ్నార్థకాలున్న పేజీ ఒకటి, లేని పేజీ ఒకటి తెరిచాను. ఆయన చేతులు తుడుచుకోకుండానే వాటిని చూశాడు.

"ఒట్మార్ గారూ, ఆ శీతాకాలం మీ చెవిలో ఏముంది?"

ఆయన గిన్నెలోంచి ఇంకో పండు తీసుకున్నాడు. నేను మళ్లీ అడగలేదు. ఈసారి వినపడిందని నాకు తెలుసు.

"బఠాణీ గింజంత ఉండేది," అన్నాడు. "హనోవర్ వెళ్లి కొన్నాను. గోస్లార్‌లో కొంటే మర్నాటికి అందరికీ తెలిసిపోతుంది. చెవి లోపలికి పోతుంది, అద్దంలో చూసుకుంటే నాకే కనపడేది కాదు. లోపల బుల్లి స్పీకర్."

అదిప్పుడు ఎక్కడుందని అడిగాను. ఆ గింజ దొరికితే దాని బలం కొలవొచ్చు. ఆయన ఎలా కూర్చున్నాడో గుర్తుంటే తప్పు ఎంతో లెక్క కట్టొచ్చు. మిగిలింది రాయిది. ప్రొఫెసర్ గారికి శుక్రవారం చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉంటుంది.

"ఓకర్ నదిలో పారేశాను. ఎలా కూర్చున్నానంటే ఏం చెప్పను? చలేస్తే దగ్గరికి వంగేవాణ్ణి, నడుం నొప్పెడితే వెనక్కి వాలేవాణ్ణి. నీ అంకెలు ఒక్కో దానికి ఒక్కోలా వచ్చుంటాయి."

వచ్చాయన్నాను. ఎప్పుడు పారేశారని అడిగాను. చేతిలోని పండుని గిన్నెలో పెట్టి, నా వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏప్రిల్‌లో. అందాకా దాని గురించి ఆలోచించలేదంటే నమ్మవు. గుడిసెలో స్పీకర్ పెడతామంటే మీ అందరితో గొడవపడింది నేనే, అందులో ఏముంటుందో నాకు తెలీక కాదు. కానీ ఇంత బుల్లిది ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఒకరోజు మీరంతా భోజనానికి వెళ్లారు. గేటు దగ్గర ఒక్కణ్ణే ఉన్నాను, చేతిలో వాసన సెన్సర్ ఉంది. ఊరికే నా తల దగ్గర పెట్టుకున్నాను. అంకె అలా పైకి లేచింది. అప్పుడే అక్కడే వేళ్ల మీద లెక్కేశాను, నీ అంత చదువుకోకపోయినా. సెన్సర్ దగ్గర రెండుకీ మూడుకీ మధ్య అని తేలింది. రాకెట్ అక్టోబర్‌లో, ఇమ్కే. సెన్సర్ ఇంకా మనం పంపించిన పెట్టెలోనే ఉంది. నీకు ఒక్క మాట చెబితే తిరిగి తెప్పించేదానివి, రెండు వారాల పని. చెప్పలేదు. గడతో తిప్పే ఏర్పాటు అప్పటికే కాగితం మీద ఉంది, నాకు వినపడదని తెలిస్తే మర్నాడే గడ బిగించేవాళ్లు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ స్టూలు మీద కూర్చున్నాను, నాకు వేరే ఏం చేతనవును? దిగేటప్పుడు అది తిరుగుతుందిగా, తన సున్నా తనే సరిచేసుకుంటుందిగా అనుకున్నాను. ఐదున్నరేళ్లు అదే అనుకుంటూ పడుకున్నాను. తిరగలేదని పేపర్లో చదివాను. ప్రొఫెసరమ్మ టీవీలోకి వచ్చింది, కొత్త జాకెట్ వేసుకుని, రెండు పాయింటు నాలుగు అంది. నా రెండు చెవులూ పీకి బల్ల మీద పెట్టేశాను. ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పిందో నేను వినలేదు."