పేరు అడగని గడులు

సరస్సు మీద మంచు పగులుతోంది.

పదకొండో అంతస్తు దాకా వినిపిస్తుంది ఆ చప్పుడు. ఎముక విరిగినట్టు... ఆగి, మళ్ళీ.

అమెరికాలో, క్లీవ్‌లాండ్‌లో ఫిబ్రవరి.

మార్వెట్ వింటోంది. నవ్వుతోంది. ఈ బీమా కంపెనీలో పంతొమ్మిదేళ్ళుగా నవ్వుతూనే ఉంది.

ఎదురుగా గ్రెచెన్ — ఆమె పై అధికారి. బల్ల మీద కాగితాలు. ఉద్యోగుల మనసు ఎలా ఉందని కంపెనీ అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు. పేర్లుండవు. గడులుంటాయి. జాతి. ఆడా, మగా. హోదా.

ఇష్టం లేకపోతే గడి ఖాళీగా వదిలేయచ్చు.

మార్వెట్ వదల్లేదు.

వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి అది. జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడల్లా అమ్మ పెన్ను నొక్కిపట్టి గీత పెట్టేది. "నల్లవాళ్ళం. ఇక్కడే ఉన్నాం. రాసుకోండి."

పోయిన వారం జనేయాకీ అదే చెప్పింది. జనేయా — తను పట్టుబట్టి మేనేజర్‌ని చేసిన పిల్ల.

"మనమని తెలిసిపోదా అక్కా?"

"పేరు అడగలేదుగా. గడి మాత్రం వదలకు. మనల్ని మనమే లెక్కలోంచి తీసేసుకుంటామా?"

గ్రెచెన్ కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"'రోజూ కారులో కూర్చుని ఏడుస్తాను. ఊపిరాడదు. మొహం తుడుచుకుని లిఫ్టెక్కుతాను.'"

మంచు పగిలింది.

"నల్లజాతి మహిళ. మేనేజర్, ఆపైన. అలాంటివాళ్ళు ఇద్దరే ఉన్నారు మార్వెట్. ఎవరని నేను అడగను... తప్పు కదా." గొంతులో తేనె. "కానీ వైస్ ప్రెసిడెంట్ పదవికి నాలుగింటికల్లా నీ పేరు పంపాలి. గట్టి మనిషి కావాలంటున్నారు. నువ్వు గట్టిదానివనే నేను చెప్తున్నాను."

గట్టిది.

గట్టిది కాబట్టి ఇద్దరి పని. గట్టిది కాబట్టి తండ్రిని సమాధి చేసిన మర్నాడే మీటింగ్. గట్టిది... దానికి నొప్పేమిటి!

నేనే — నాలుక చివరిదాకా వచ్చింది.

ఒక్క మాట.

పంతొమ్మిదేళ్ళు.

"నాకా? ఏడవడానికి నాకు తీరికెక్కడిది గ్రెచెన్!"

నవ్వింది. బాగా నవ్వింది.

గ్రెచెన్ కూడా నవ్వింది. మెల్లగా తల తిప్పి, అద్దాల గోడ అవతల జనేయా కుర్చీ వైపు చూసింది.

మార్వెట్ ఆ చూపుని ఆపలేదు.

మూడింటికి జనేయాని పిలిచారు. మూడున్నరకి బయటికొచ్చింది. తిన్నగా మార్వెట్ దగ్గరికే వచ్చింది.

"మూడు నెలలు విశ్రాంతి తీసుకోమన్నారక్కా. నా టీమ్‌ని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. కారులో ఏడుస్తున్నానని నేనే రాశానట. అక్కా... నాకు కారే లేదు. బస్సులో వస్తాను."

"ఆ మాట చెప్పావా?"

"చెప్పాను. 'చూశావా, ఎంత కంగారు పడుతున్నావో' అన్నారు."

మార్వెట్ చేయి ఆ పిల్ల భుజం మీద పడింది.

"గట్టిగా ఉండు చెల్లీ."

నోరు దాటాక తెలిసింది — గొంతు తనదే. తేనె గ్రెచెన్‌ది.

జనేయా ఆ చేతిని చూసింది. తర్వాత మొహాన్ని. ఎంతసేపో.

"ఇద్దరమే కదక్కా ఇక్కడ," అంది.

నాలుగయింది.

కింద సరస్సు... చప్పుడు లేదు. పగులు మీద కొత్త మంచు — పల్చగా, తెల్లగా — కమ్ముకుంటోంది.