పిండి ఆరిపోతుందని

నేను ఒక అప్పడాల కర్రని. పేరుకే అప్పడాల కర్రని. పుట్టి అరవై ఏళ్లవుతున్నా ఒక్క అప్పడం వత్తిన పాపాన పోలేదు. మొగుళ్లని కొట్టడానికి ఆడవాళ్లు నన్ను వాడతారని పత్రికల్లో బొమ్మలు వేసుకుని మగవాళ్లు నవ్వుకుంటారట. ఆ ముచ్చటా నాకు తీరలేదు. నేను వత్తినవి ఎక్కువగా కజ్జికాయల పూరీలే. లక్షకి తక్కువ ఉండవు. అందులో నాలుగొందల పూరీలు మాత్రం నేను వత్తకుండా ఉండాల్సింది. ఆ రోజు అమ్మాజీ నన్ను పీట మీద వదిలేసి పదిన్నర బస్సు ఎక్కి ఉంటే, నాకీ కథ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

రామచంద్రపురంలో ఒక వడ్రంగి నవారు మంచానికి కోళ్లు చేయగా ఒక తుమ్మ ముక్క మిగిలింది. పొయ్యిలోకి పోవలసిన ఆ ముక్కని బుల్లెమ్మ అనే ఆవిడ చూసింది. ఆవిడ చుట్టుపక్కల పెళ్లిళ్లకి సారె పిండివంటలు చేసేది. "కాస్త నున్నగా చెక్కి ఇయ్యవయ్యా, ఊరికే కాల్చుకుంటావేంటి" అని అడిగి నన్ను చేయించుకుంది. నా చివర ఒక పక్క చిన్న నొక్కు ఉంది. వడ్రంగి ఉలి జారిన గుర్తు అది. మనిషి చేసిన పనిలో ఎక్కడో ఒక చోట అతని పరధ్యానం కూడా కనబడుతుంది, ఏం చేస్తాం.

బుల్లెమ్మ కొడుకు గవర్రాజు తాపీమేస్త్రీ. అతని పెళ్లాం అమ్మాజీ కాపరానికి వచ్చిన నెలకే బుల్లెమ్మ ఆమెని నా ముందు కూర్చోబెట్టింది. పని చాలా తేలిక అని చెప్పింది, నిజంగా తేలికే. మైదాలో గుప్పెడు బొంబాయి రవ్వ, చిటికెడు ఉప్పు. పైన కాగిన నెయ్యి. పిండి పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే పొడై రాలాలి. అప్పుడు నీళ్లు చిలకరిస్తూ గట్టిగా కలపాలి, తడిగుడ్డ కప్పి నానబెట్టాలి. పల్చగా వత్తి, కొబ్బరీ పప్పులపొడీ పెట్టి, అంచుకి తడి రాసి మడిచి, మెలిపెడుతూ అల్లాలి. అల్లిక వదులైతే కజ్జికాయ నూనెలో విచ్చుకుంటుంది, మూకుడంతా పాడవుతుంది. సారెలోదైతే పెళ్లికూతురికి అపశకునం కూడాను.

బుల్లెమ్మ ఇంకో మాట చెప్పింది. "పిండి తడిపేక లేవకూడదు. పిల్ల ఏడ్చినా లేవకూడదు, చుట్టాలొచ్చినా లేవకూడదు. ఆరిపోయిందంటే ఆ అంచు ఇంక అతకదు." అమ్మాజీ ఆ మాటని మంత్రంలాగా పట్టుకుంది. అత్త పోయాక ఆ ఊళ్లో సారె అంటే అమ్మాజీయే. పసుపు రాసిన చేతులూ నిండు బొట్టూ ఉన్న మనిషి, పైగా ఆమె అల్లిన అంచు ఏనాడూ విడిపోలేదు. సారె పిండిలో మొదటి నీళ్లు ముత్తయిదువ చేత్తోనే పడాలని అక్కడి వాళ్ల పట్టింపు. వండే ఇంట్లో చావు గనక జరిగితే ఆ వంటంతా కాలవలో పోసేస్తారు. మొగుడు పోయిన చెయ్యి ఎంత మంచిదైనా మళ్లీ పిలవరు. పిండికి ఇవేవీ తెలియవు. నాకూ తెలియవు. మనుషులకి మాత్రం బాగా తెలుసు.

రోహిణి కార్తె ఎండలు. రైసుమిల్లు వాళ్ల రామతులసమ్మ గారి కూతురి పెళ్లి. సారెకి నాలుగొందల కజ్జికాయలు పురమాయించారు. గవర్రాజు అప్పటికి పది రోజులుగా కాకినాడలో ఎవరిదో మేడ కడుతున్నాడు. పొద్దున్నే అమ్మాజీ పిండి తడిపింది. తొమ్మిదేళ్ల కూతురు మంగతాయారు పక్కన కూర్చుని అంచులకి తడి రాస్తోంది. నాలుగో మూకుడు దిగేసరికి గుమ్మంలో ఒకతను నిలబడ్డాడు. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది.

"అమ్మాజీ గారంటే మీరేనాండి? నా పేరు కాసిం అండి. మీ ఆయనతో పని చేత్తానండి."

"రండి బాబూ, కూచోండి" అంది అమ్మాజీ.

అతను కూర్చోలేదు. "గవర్రాజు పరంజా మీంచి జారేడండి. దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో ఏసేవండి. మీరేం కంగారు పడకండి. పాపని కూడా తీసుకుని పదిన్నర బస్సుకి వచ్చెయ్యండి."

అమ్మాజీ లేచి మజ్జిగ కలిపి తెచ్చింది. వద్దన్నాడు. మంచినీళ్లయినా తాగమంది. అవీ వద్దన్నాడు. "పక్కూళ్లో మీ మరిదిగారికి కూడా చెప్పాలండి" అని, తల వంచుకుని ఎండలోకి వెళ్లిపోయాడు.

అమ్మాజీ ఆ మజ్జిగ గ్లాసు పట్టుకుని, అతను వెళ్లిన దారి కేసి చూసింది. అక్కడి మనుషులు చావు కబురు సూటిగా చెప్పరు. కొంచెం నలతగా ఉందంటారు, దెబ్బ తగిలిందంటారు, కంగారు పడొద్దంటారు. చావు కబురు తెచ్చినవాడు ఆ ఇంట్లో కూర్చోడు, పచ్చి మంచినీళ్లు ముట్టడు. పిల్లల్ని తీసుకురమ్మంటాడు. ఆమె తండ్రి పోయినప్పుడు వచ్చినవాడు ఇలాగే గుమ్మంలో నిలబడ్డాడు. అన్న పోయినప్పుడు వచ్చినవాడూ నీళ్లు తాగలేదు. రోళ్లు పగిలే ఎండలో చెమటలు కక్కుతూ వచ్చినవాడు మంచినీళ్లు వద్దన్నాడంటే అర్థమేమిటో ఆమెకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆమె వచ్చి పీట ముందు కూలబడింది. నన్ను చేతిలోకి తీసుకుంది. అంత బలంగా నన్ను అంతకు ముందు ఎవరూ పట్టుకోలేదు.

"అమ్మా, నాన్నకేటైందే?" అంది మంగతాయారు.

"ఏం కాలేదు. తడి రాయి."

"బస్సెల్లిపోద్దమ్మా."

"ఇంకో బస్సుంటాది. పిండి ఆరిపోద్ది. ఇదయ్యేక ఎల్దాం."

పిల్ల తడి రాసింది. అమ్మాజీ వత్తింది. పెదవులు కదులుతున్నాయి గానీ మాటలు నాకొక్కదానికే వినపడుతున్నాయి. "పోయినోడు ఇంకెక్కడికి పోతాడు? ఓ గంట అటైనా ఇటైనా అక్కడే ఉంటాడు. నేనిప్పుడు లేచి ఏడిత్తే ఇదంతా కాలవ పాలు. ఆ పిల్ల పెళ్లికి నా ఉసురు తగిలిందంటారు. ఇదే ఆఖరు సారె. ఈ బొట్టు ఉండగానే చేసి ఇచ్చేత్తాను." కళ్లలోంచి కారుతున్నది భుజంతో తుడుచుకుంది. పిండిలో ఒక్క చుక్క పడనివ్వలేదు. ఆ మాత్రం శుచి తప్పకూడదని ఆమె పట్టుదల.

నేను ఆమె చేతిలో ముందుకీ వెనక్కీ దొర్లాను. అంతకంటే నాకేం చేతనవును? చేతి నుంచి జారి పొయ్యిలో పడదామన్నా నా వల్ల కాలేదు. పదిన్నర బస్సు హారను వినిపించింది. తర్వాత పన్నెండు గంటల బస్సు కూడా వెళ్లింది. నాలుగొందల కజ్జికాయలూ దిగాయి. ఒక్కటి కూడా విచ్చుకోలేదు. రెండు కావస్తుండగా మిల్లు వాళ్ల మనిషి వచ్చి బుట్టలు పట్టుకెళ్లాడు. ఆమె నవ్వు మొహం పెట్టుకుని సాగనంపింది. తలుపు వేసుకున్నాక మొదటిసారి బిగ్గరగా ఏడ్చింది.

రెండున్నర బస్సుకి తల్లీ పిల్లా బయల్దేరారు. సంచిలో ఒక చీర, పిల్ల గౌను. ఏ ధ్యాసలో పడేసిందో, వాటితో పాటు నేను కూడా ఉన్నాను. అలా కాకినాడ చూశాను.

నాలుగు దాటాక ఆసుపత్రిలో అడుగుపెట్టారు. మంచం మీద గవర్రాజుని గుడ్డతో కప్పి ఉంచారు. అమ్మాజీ అప్పటికే ఏడ్చి ఉన్నది కాబట్టి నిశ్శబ్దంగా కాళ్ల దగ్గర కూర్చుంది. పక్క మంచం రోగికి తోడున్న ముసలామె దగ్గరికొచ్చింది.

"నువ్వేనా తల్లీ అమ్మాజీవి? ఓ గంట ముందొస్తే సూసేదానివి. మూడింటిదాకా తెలివిగానే ఉన్నాడు."

అమ్మాజీ తలెత్తింది.

"నేనే నోట్లో నీళ్లు పోసేను. గుమ్మం కేసి చూత్తానే ఉన్నాడు. మా ఇంటిది పదిన్నర బస్సెక్కుతాది, పన్నెండుకల్లా ఇక్కడుంటాదని నాతో రెండుసార్లు చెప్పేడు. పన్నెండు దాటేక, పన్నెండు బస్సుకొత్తాదిలే అన్నాడు. ఆ తర్వాతింకేం అనలేదు. ఇంత ఆలస్యమైందేంటమ్మా?"

మంగతాయారు నోరు తెరిచింది. అమ్మాజీ చెయ్యి పిల్ల భుజం మీద పడి గట్టిగా నొక్కింది.

"బస్సు దొరకలేదండి" అంది.

పొద్దు గుంకే వేళకి కాసిం వచ్చాడు. గవర్రాజు మొహం చూసి ఏడ్చాడు. కాసేపటికి వరండాలో ఒక మూల కూర్చుని, జేబులోంచి ఒక ఖర్జూరం తీసి తిని, కూజాలో నీళ్లు గటగటా తాగాడు. అమ్మాజీ అతని వైపే చూస్తోంది. లేచి దగ్గరికి వెళ్లింది.

"అంత ఎండలో వచ్చేవు. మజ్జిగిత్తే వద్దన్నావేంటి నాయినా?"

"రోజా ఉన్నానండి. రంజాను నెల కదండి, పొద్దు గుంకేదాకా గుక్కెడు నీళ్లు కూడా తాగవండి."

"పిల్లని తెమ్మన్నావెందుకు?"

"గవర్రాజే తెమ్మన్నాడండి. ఒకసారి చూడాలన్నాడు. తొందరగా రమ్మని చెప్పమన్నాడండి."

అమ్మాజీ తిరిగొచ్చి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సంచిలో చెయ్యి పెట్టి నన్ను తడిమి, అది నేనేనని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకుంది. నాకు నోరుంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. ఆ చెయ్యి మాత్రం నేను మరిచిపోలేను.

పదకొండో రోజు అయ్యాక రామతులసమ్మ గారు స్వయంగా పరామర్శకి వచ్చారు. చెడ్డ మనిషి కాదు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు, పిల్లకి కొత్త గౌను తెచ్చారు. వెళ్లబోతూ అమ్మాజీ చేతులు పట్టుకున్నారు.

"నీ మంచితనమే అమ్మాజీ మమ్మల్ని కాపాడింది. ముందు భయపడ్డాం. కబురు పెట్టి కనుక్కున్నాం. కజ్జికాయలన్నీ మా ఇంటికి చేరేక, ఎప్పుడో మూడింటికి పోయేడట కదా. నువ్వు వత్తినంత సేపూ ఆయన ప్రాణాలతోనే ఉన్నాడు. ఏ దోషమూ అంటలేదని పంతులుగారు చెప్పేరు. వియ్యాలవారు ఎంత మెచ్చుకున్నారో."

"ఆయ్" అంది అమ్మాజీ.

ఆ తర్వాత ఆమెని ఎవరూ సారెకి పిలవలేదు. ఊళ్లో ఒక పిల్లల హాస్టల్లో వంటకి కుదిరింది. అక్కడ నేను చపాతీలకి దిగాను. అయితే సారె చేసే చేతులు కొత్తగా తయారు కావాలి కదా, అందుకని కోడళ్లనీ కూతుళ్లనీ ఆమె దగ్గరికి నేర్చుకోమని పంపేవారు. ఆమె ముట్టుకుంటే దోషం గానీ, ఆమె నేర్పితే దోషం లేదట. మనుషుల లెక్కలు నాకు అర్థం కావని ముందే చెప్పుకున్నాను.

ఆమె ఓపిగ్గా నేర్పేది. రవ్వ ఎంత, నెయ్యి ఎంత కాగాలి, పిడికిట్లో ముద్ద ఎలా నిలవాలి, అన్నీ. చివర్లో మాత్రం అత్త చెప్పని మాట ఒకటి చెప్పేది. "పిండి ఆరిపోద్దని భయపడకండమ్మా. ఆరితే ఆరింది. నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి, మళ్లీ పిసికి, గుడ్డ కప్పి ఉంచితే ఎప్పట్లాగే అయిపోద్ది. ఎవరైనా పిలిత్తే ఎల్లిపోండి." అది నిజమే. ఒకసారి ఆమె నా ముందే, కావాలని పిండి ఆరబెట్టి, సాయంత్రం తడిపి చూసింది. చక్కగా అతికింది. ఆ రోజు ఆ ముద్దని ముందు పెట్టుకుని ఆమె అన్నం తినలేదు.

తర్వాత్తర్వాత చిన్న పిలుపుకే పరుగెత్తేది. బళ్లోంచి పిల్లకి జ్వరమని కబురొచ్చినా, వీధిలో ఎవరో పిలిచినా, పిండి చేతులతో లేచిపోయేది. హాస్టల్లో అందరూ అమ్మాజీకి కంగారెక్కువ అని నవ్వుకునేవారు. ఆరిన పిండి ముందు నేను ఒక్కదాన్నే పడి ఉండేదాన్ని.

ఇప్పుడు ఆమెకి డెబ్బై దాటాయి. రెండేళ్లుగా మంచంలో ఉంది. మంగతాయారు ఇంట్లో పూరీలు నొక్కే ఇనప యంత్రం ఉంది. నన్ను అటక మీద, పాత తట్టలో వేశారు. నా ఒళ్లు ఎండి, వడ్రంగి చేసిన నొక్కు దగ్గర పగులు మొదలైంది. వచ్చే చలికాలానికి నీళ్లు కాచుకునే పొయ్యిలోకి వెళతాననుకుంటున్నాను.

మొన్న మధ్యాహ్నం అమ్మాజీ కూతుర్ని పిలిచింది. మంగతాయారు జావ గ్లాసు పట్టుకుని వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. 

"ఒసే, నాకు సరిగ్గా గుర్తుండటం లేదు. మీ నాన్న పోయిన్రోజు మనం ఆలస్యంగా ఎల్లేం కదా."

"ఊఁ."

"బస్సు దొరక్కే కదే?"

మంగతాయారు గ్లాసు కింద పెట్టింది. నలభై ఏళ్లలో తల్లీ కూతుళ్లు ఆ రోజు గురించి ఒక్క మాట అనుకోగా నేను వినలేదు. ఆమె తల్లి నుదుటి మీద వెంట్రుకలు పక్కకి దువ్వింది.

"అవునమ్మా. నువ్వు రోడ్డు మీద నిలబడే ఉన్నావు. ఎండలో నన్నెత్తుకుని నిలబడ్డావు. ఒక్క బస్సూ ఆపలేదు."

"ఆపలేదు కదా" అంది అమ్మాజీ. జావ మొత్తం తాగింది. చాలా రోజుల తర్వాత మూలగకుండా నిద్రపోయింది.

నేను అటక మీదే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని.