చీరాలలో మంచు కురిపించిన పుస్తకం

నేను ఒక ఇంగ్లీషు అభ్యాస పుస్తకాన్ని. పుట్టింది మాస్కోలో. రష్యన్ మాట్లాడే బడిపిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం, వ్యాసరచన నేర్పడానికి నన్ను అచ్చువేశారు. వివరణలన్నీ రష్యన్‌లో, అభ్యాసాలూ వ్యాసాలూ ఇంగ్లీషులో ఉంటాయి. గట్టి అట్ట, కుట్టు బైండు, మధ్యమధ్య బొమ్మలు. ఇంత చేసి బతుకంతా గడిపింది మాత్రం చీరాలలో. అందులో నా తప్పేమీ లేదు.

మాస్కో గిడ్డంగిలో ఎవరో మహానుభావుడు ఇండియాకు పంపే పిల్లల కథల కట్టల్లో మా కట్టను కూడా కలిపేశాడు. ఓడెక్కాను, మద్రాసులో దిగాను, ఊరూరా తిరిగి పుస్తకాలమ్మే వ్యానెక్కాను. చీరాల గడియారస్తంభం దగ్గర వ్యాను ఆగితే జనం రంగురంగుల కథల పుస్తకాల మీద ఎగబడ్డారు. నన్ను మాత్రం తెరిచి, రష్యన్ అక్షరాలు చూసి, కాలిన పెనం ముట్టుకున్నట్టు కింద పెట్టేసేవారు. చివరికి సుందరశివరావు మాస్టారు వచ్చి నన్ను అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. ఆయన పదో తరగతి తప్పినవాళ్లకు ట్యుటోరియల్ నడుపుతున్నారు. ఊళ్లో మాస్టర్లందరి దగ్గరా ఒకటే గైడు ఉంది, విదేశీ పుస్తకం ఎవరి దగ్గరా లేదు. ఈ ధరకు అట్ట కూడా రాదని గొణుక్కుంటూ నన్ను చంకన పెట్టుకున్నారు.

మాస్టారికి రష్యన్ ఒక్క ముక్క రాదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. రష్యన్ పేజీ ఎదురైతే కళ్లజోడు సర్దుకుని, ఇదంతా పెద్ద చదువుల వ్యాకరణం, మీకు అక్కర్లేదు అని చకచకా తిప్పేసేవారు. నన్ను రాసినావిడ పిల్లలకు అర్థం కావాలని ఓపిగ్గా చెప్పిందంతా ఆ పేజీల్లోనే ఉంది. పాపం ఆవిడ.

ఇక మిగిలింది వ్యాసాలు. వాటిలో శీతాకాలపు సెలవుల మీద ఒకటుంది. కోల్యా అనే కుర్రాడు, వాడి చెల్లెలు కాళ్లకు పొడవాటి చెక్కలు కట్టుకుని, మంచు మీద జారుతూ అడవిలో తాత ఇంటికి వెళ్తారు. తాత పొయ్యి రాజేసి టీ ఇస్తాడు. అంతే కథ. మాస్టారికి అది తెగ నచ్చేసింది. సెలవుల గురించి అడిగినా, ప్రయాణం గురించి అడిగినా, మీకిష్టమైన బంధువు ఎవరని అడిగినా ఇదే దించెయ్యమన్నారు. ట్యుటోరియల్ పక్కనే మగ్గాల షెడ్డు. మగ్గం టకటకలకు ఊగుతూ క్లాసంతా వల్లెవేసేది. ఇన్ వింటర్, ఐ గో, టు ద ఫారెస్ట్. బయట మార్చి ఎండకు రేకులు చిటపటమంటుంటే లోపల మంచు కురిసేది.

ఆ క్లాసులో ఎస్తేరమ్మ అందరికంటే వయసులో పెద్దది. ప్రసూతి ఆస్పత్రిలో ఆయా. అన్ని పరీక్షలూ గట్టెక్కి ఒక్క ఇంగ్లీషు దగ్గర ఆగిపోయింది. అది కూడా పాసైతే నర్సు ట్రైనింగుకు పంపిస్తానని ఆస్పత్రి డాక్టరమ్మ మాటిచ్చింది. వయసు పరిమితి ఆ ఏడాదితో సరి. కాబట్టి ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. డ్యూటీ దిగి, ఫినాయిలు వాసనతో వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. ఆమెకొక జబ్బుంది, అర్థాలు అడగడం. మంచు ఎట్లా ఉంటది, కాళ్లకు చెక్కలు కడితే పడరా, ఆ ముసలాయన అడవిలో ఒక్కడే ఎందుకుంటున్నాడు. మిగతావాళ్లు నవ్వేవారు. ముందు బట్టీ, తర్వాత అర్థం అని మాస్టారు విసుక్కునేవారు. అయినా అడిగేది. ఆ ఊళ్లో నా బొమ్మలు తీరిగ్గా చూసిన మనిషి ఎస్తేరమ్మ ఒక్కతే. అందుకే ఆమె అంటే నాకు మమకారం.

పరీక్షలో సెలవులు ఎలా గడిపావో రాయమన్నారు. ఇంకేముంది, ట్యుటోరియల్ మొత్తం తాత ఇంటికి బయల్దేరింది. పేపర్లు దిద్దే అయ్యవారు మొదటిది చదివి మురిసిపోయాడట, రెండోది చదివి కళ్లు నులుముకున్నాడట, ఆపైన పై అధికారిని కేకేశాడట. చీరాల నుంచి ఇంతమంది ఒకే తాత దగ్గరికి మంచులో వెళ్లడమేమిటి? మూకుమ్మడి కాపీ అని అందరి ఫలితాలూ ఆపేశారు.

విచారణకు నరహరిరావు అనే అధికారి గుమాస్తాను వెంటబెట్టుకుని వచ్చాడు. మాస్టారు నన్ను ఆయన ముందు పెట్టి, కాపీ కాదండీ, బట్టీ అన్నారు. అధికారి ముఖం విచ్చుకుంది. కాపీ అయితే నేరం గానీ బట్టీ అయితే చదువే కదా. తేల్చడం కూడా సులువు. ఒక్కొక్కరూ లేచి చూడకుండా అప్పజెప్పాలి, అప్పజెప్పినవాడు నిర్దోషి. అందరూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. కనకారావు అనేవాడైతే మాస్టారు చెప్పి రాయించిన కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పలికాడు. అధికారి భేష్ అన్నాడు.

ఎస్తేరమ్మ వంతు వచ్చింది. అడవి దాకా బాగానే నడిచి అక్కడ ఆగిపోయింది. మాస్టారు పెదవులు కదిపి అందించబోతే అధికారి కళ్లెర్రజేశాడు.

"మాటలు జారిపోయినయ్ సార్," అంది ఎస్తేరమ్మ. "అక్కడ ఏం జరిగిందో మాత్రం తెలుసు. చెప్పమంటారా?"

అధికారి తలూపాడు. ఆమె కళ్లు మూసుకుంది.

"చెట్ల మీదంతా దూదేసినట్టు తెల్లగా ఉంటది సార్. ఎక్కడా చప్పుడుండదు. వాళ్ల ఊపిరి వాళ్లకే పొగలాగా కనపడతది. పిల్లకి చేతులు కొంకర్లు పోతంటే అన్న తన తొడుగులు తీసిస్తాడు. అంతలో తాత ఇంటి పొగ కనపడతది. ఇంక ఆ పొగ చూసినాక చలి తెలవదు."

తొడుగుల సంగతి నాలో లేదు. అది ఆమె సొంతం. అధికారి మెడ తుడుచుకుంటున్న రుమాలు అక్కడే ఆగిపోయింది. తర్వాత ఏమైంది అని అడగబోయాడు కూడా. గుమాస్తా దగ్గాడు. దాంతో ఆయనకు తను వచ్చిన పని గుర్తొచ్చింది.

"బాగానే చెప్పావమ్మా. కానీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నీకు రాలేదు. రానిది పేపర్లోకి ఎట్లా వచ్చింది?"

అధికారిని చూసిన భయానికే మర్చిపోయానని ఎస్తేరమ్మ చెప్పినా ఎవరు వింటారు? మాస్టారు తన ట్యుటోరియల్ బతికిందన్న ఊరటలో అధికారికి దణ్ణాలు పెడుతున్నారు. అందరి ఫలితాలూ వదిలారు, ఎస్తేరమ్మది రద్దు చేశారు. పాఠం అర్థమైంది ఆమె ఒక్కదానికే, కాపీ కొట్టిందని తేలిందీ ఆమె ఒక్కతే. నాకు ఒళ్లు మండిపోయింది. పుస్తకానికి ఒళ్లు మండితే ఎవరికి లెక్క?

మర్నాడు సాయంత్రం మాస్టారు ఆస్పత్రికి వెళ్లి నన్ను ఆమె చేతిలో పెట్టారు. ఇది నీ దగ్గర ఉండాల్సిన పుస్తకం అన్నారు. ఆమె ఏడవలేదు. నన్ను కొంగుతో తుడిచింది.

"ఆ ముసలాయన ఒక్కడే ఎందుకుంటున్నాడో మీరు చెప్పనేలేదు మాస్టారూ."

"ఆ రష్యన్ పేజీల్లో ఉందేమోనమ్మా," అన్నారాయన. కళ్లజోడు తీసేసి, "నాకు రష్యన్ రాదు," అన్నారు.

కనకారావు ఇప్పుడు ఇంగ్లీషు మాస్టారు. కామాలతో సహా చెప్పి రాయిస్తాడట, మంచి పేరుంది. ఎస్తేరమ్మ ఆయాగానే ఉండిపోయింది. నేను కాన్పుల గది కిటికీలో ఉంటాను. వడగాలికి రెక్క కొట్టుకోకుండా నన్ను అడ్డం పెట్టారు. అట్ట వెలిసింది, రష్యన్ పేజీలు చెదలు తిన్నాయి.

వేసవిలో కరెంటు పోతుంది. బల్ల మీద ఏ తొలిచూలు పిల్లో నొప్పులకు అల్లాడుతుంటుంది. ఎస్తేరమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకో తల్లీ, చుట్టూ మంచు, చెట్లన్నీ తెల్లగా ఉన్నయ్, మనం తాత ఇంటికి పోతున్నాం అని మొదలుపెడుతుంది. ఆ పిల్ల ఊపిరి మెల్లగా దారిన పడుతుంది. అదుగో పొగ, ఇల్లొచ్చేసింది, ఇంకొక్క అడుగు అని ఆమె అంటుండగానే బిడ్డ కేర్‌మంటుంది.

ఒకే తాత ఇంటికి చీరాల నుంచి ఇంతమంది వెళ్లడం అసంభవమని ఆనాడు పెద్దలు తేల్చారు. ఇప్పుడీ ఊళ్లో సగంమంది ఆ ఇంటి మీదుగా వచ్చినవాళ్లే.