దిక్కులేని దుప్పట్ల బుట్ట

చిట్టీ, ఆ ఫోను పక్కన పడేసి ఇటు జరుగు. మీ అక్కను ఒక దుప్పటి ముప్పుతిప్పలు పెట్టిన సంగతి చెబుతాను.

వాళ్ల ఆఫీసులో కొత్త విభాగం పెట్టారు కదా. పెద్ద పెద్ద వ్యాపారాల వాళ్ల దగ్గరికి వెళ్లి, మీ పనంతా కంప్యూటర్లో ఇలా నడుపుకోండని సలహా చెప్పి, అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ చేసిపెట్టడం వాళ్ల పని. అందులో ఏది ఎక్కడుండాలో, ఏది దేనితో కలవాలో గీసి చూపించే పెద్ద మీ అక్క. దాన్ని ఆర్కిటెక్ట్ అంటారట. ఒక్క గోడ కట్టిన పాపాన పోలేదు, పేరు మాత్రం అదే.

మొదటి బేరం ఒక లాండ్రీ. ఆసుపత్రులవీ హోటళ్లవీ దుప్పట్లు రోజుకు వేలకు వేలు ఉతికే చోటు. ఈ పని దక్కకపోతే విభాగం మూసేసి అందులోని అయిదుగురినీ తలో దిక్కుకు పంపేస్తానని పై అధికారి ముందే చెప్పాడు. దాంతో మీ అక్కకు తిండి సయించలేదు. మూడు వారాలు భోజనాల బల్ల నిండా గళ్లూ బాణాలూ గీసిన కాగితాలే. నేను పళ్లెం ఒళ్లో పెట్టుకుని తిన్నాను.

ప్రతి దుప్పటికీ ఒక చీటీ, చీటీకి ఒక నంబరు. ఆ నంబరు చూసుకుని మిషనే దుప్పటిని దాని దారిన పంపిస్తుంది. బాగుందనే అన్నాను నేనూ.

మిషను నడిపి చూపించే రోజున, నా కళ్లజోడు తెచ్చుకోవాలి, దారిలో దింపమని మీ అక్కనడిగాను. ఆలస్యమైందని నన్నూ లాండ్రీకే ఈడ్చుకెళ్లింది. ఇరవై దుప్పట్లు చకచకా వెళ్లాయి. ఇరవై ఒకటో దానికి చీటీ లేదు. ఎర్ర దీపం వెలిగింది, దుప్పట్లను మోసుకెళ్లే బెల్టు టక్కున ఆగిపోయింది.

అక్కడి మేస్త్రీ ఒకావిడ, నడుముకు తువ్వాలు బిగించుకుని ముందుకొచ్చింది.

“అయ్యో, అలిగిందా మీ మిషను? బతిమాలమంటారా?”

పనివాళ్లంతా పకపకా నవ్వారు. మీ అక్క ముఖం కందగడ్డయింది.

“చీటీ లేకుండా దుప్పటి రాకూడదండీ.”

“ఆ ముక్క దుప్పటికి చెప్పు తల్లీ, నా మాటైతే వినట్లేదు. మేం వేసే చీటీలే వేడినీళ్లలో రోజుకు వంద ఊడిపోతాయి.”

మీ అక్క పక్కనున్న ఆఫీసు కుర్రవాడు చెవిలో గొణిగాడు. “మేడమ్, ఆ ఒక్కటీ తీసి దాచేద్దాం. ఓనరు వచ్చేస్తున్నాడు.”

అది నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. దాంతో అది మేస్త్రీనే అడిగింది.

“మరి ఇలాంటివి మీరేం చేస్తారు పిన్నీ?”

పిన్నీ అనేసరికి ఆవిడ కాస్త మెత్తబడింది. మూల నుంచి ఒక బుట్ట లాక్కొచ్చింది.

“ఇదిగో, దిక్కులేని దుప్పట్ల బుట్ట. సాయంత్రం నలుగురం కూర్చుని తేలుస్తాం. ఈ నీలం కుట్టు చూశావా, పిల్లల ఆసుపత్రిది. ఈ అంచు చిరుగు స్టేషను పక్క హోటలుది. వాళ్ల మంచాలకు మేకులున్నాయి, ఎన్నిసార్లు చెప్పినా పీకరు.”

మీ అక్క ఇస్త్రీ బట్టలతోనే తడి నేల మీద చతికిలబడి, ఒక్కో దుప్పటీ ఒళ్లోకి లాక్కుని గుర్తులు చూడసాగింది. ఓనరు వచ్చి, “మేడమ్ ఏరీ?” అంటే, “దుప్పట్ల కింద ఉన్నారండీ,” అన్నాడు కుర్రవాడు.

అది లేచి నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. “నా బొమ్మ తప్పండీ. ఇక్కడికి రాకుండానే గీసేశాను. ఎవరివో తెలియనివాటికి మీ దగ్గర ఒక చోటుంది, నా బొమ్మలో లేదు.” అని పెన్ను తీసి, కాగితం నడిమధ్యన ఒక బుట్ట గీసింది. “బెల్టు ఆగదు. చీటీ లేనివి ఇందులో పడతాయి. అవి ఎవరివో వీళ్లు చూసి చెబితే కొత్త చీటీ వేస్తాం.”

ఆయన ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

“ఇంత బొమ్మలోనూ నాకు అర్థమైంది ఈ బుట్టొక్కటేనమ్మా. ముందు ఈ ఒక్కచోట నడిపించండి. నడిస్తే మా మిగతా లాండ్రీల పనీ మీకే.”

మేస్త్రీ ఊరుకుంటుందా? “ఈ పిల్ల నెలరోజులు మా పక్కన కూర్చుంటేనే!” అంది.

కూర్చుంది. మిషను నడిచింది, విభాగమూ నిలిచింది. ఇప్పుడు కొత్త పని ఏది వచ్చినా, కాగితం మీద గీత పడకముందే తన మనుషుల్ని వెంటేసుకుని ఆ పనివాళ్ల పక్కన చేరుతోంది మీ అక్క.

గుర్తుపెట్టుకో చిట్టీ, రేపు మీ స్నేహితులకు నువ్వే చెప్పాలి. మేస్త్రీ మాటలు మాత్రం గొంతు పెంచి చెప్పు. మెల్లగా చెబితే అది ఆవిడ కాదు.